తేనెతో జిన్ కాక్‌టెయిల్: ఇంట్లో ఎలా చేయాలి, తేనె ఏమేం దాచేస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో ఇంట్లో చేసుకునే ఒక కాక్‌టెయిల్ గురించి మాట్లాడుకుందాం. జిన్, నిమ్మరసం, తేనె. మూడంటే మూడే ఐటమ్స్. దీని పేరు బీస్ నీస్.

మొదలెట్టే ముందు రెండు మాటలు చెప్పేస్తాను. ఒకటి, ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా మందు కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు నేరుగా చివరికి వెళ్లిపోండి, అక్కడ మన కొబ్బరినీళ్లతో మందు లేని వెర్షన్ ఉంది. రెండు, ఇది ప్రమోషన్ కాదు. ఏ బ్రాండ్ పేరూ చెప్పను. తాగే అలవాటు లేనివాళ్లని మొదలెట్టమనీ చెప్పను. ఇంత తాగితే పర్లేదు అనే సేఫ్ లెవెల్ ఏదీ లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో స్పష్టంగా చెప్పింది. అది గుర్తుపెట్టుకునే ముందుకెళ్దాం.

మరి ఈ వీడియో ఎందుకు అంటారా? మాది నగరం. సిటీ కాదండోయ్, కోనసీమలో తాటిపాక దగ్గర, మామిడికుదురు మండలంలో ఊరి పేరే నగరం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఫ్రెండ్స్ దిగుతారు. ఒకడు రీల్‌లో చూశానని గ్లాసులో ఐసు, జిన్ను పోసి, పైన రెండు స్పూన్ల తేనె వేసి తిప్పుతూనే ఉంటాడు. తేనె అడుగున ముద్దలా కూర్చుంటుంది. పైన చేదు, కింద తీపి. దానికి సొల్యూషన్ చాలా ఈజీ, ఇప్పుడే చెప్తాను. కానీ అసలు పాయింట్ వేరే ఉంది. ఈ డ్రింక్‌లో తేనె పని తీపి ఇవ్వడం ఒక్కటే కాదు, దాచడం కూడా. జిన్ను ఘాటుని దాస్తుంది, కల్తీ సరుకుని దాస్తుంది, ఎంత తాగామన్న లెక్కనీ దాస్తుంది. అందుకే ముందు ఎలా చేయాలో చూసి, తర్వాత ఆ దాచినవాటిని ఎలా బయటికి లాగాలో చూద్దాం.

బీస్ నీస్ అంటే ఏంటి?

మాటకి మాట పెడితే తేనెటీగ మోకాళ్లు. 1920ల్లో అమెరికా కుర్రాళ్లు ఏదైనా సూపర్‌గా ఉంటే ఆ మాట అనేవారు. మనం "అదిరింది" అంటామే, అలాగ.

అప్పుడు అమెరికాలో మద్యనిషేధం. 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా నడిచింది. షాపుల్లో మందు లేదు కాబట్టి దొంగచాటుగా తయారైంది. ఫ్యాక్టరీల్లో వాడే స్పిరిట్‌కి నీళ్లు, జూనిపర్ నూనె కలిపి జిన్ను అని అమ్మేవారు. దాని వాసన భరించలేక నిమ్మరసం, తేనె కలిపి కవర్ చేశారని, అలా ఈ డ్రింక్ పుట్టిందని ఎక్కువమంది చెప్పే కథ.

ఇంకో కథ పారిస్‌ది. రిట్జ్ హోటల్‌లో ఫ్రాంక్ మేయర్ అనే ఫేమస్ బార్‌టెండర్ దీన్ని కనిపెట్టాడంటారు. 1929 నాటి ఒక అమెరికన్ పేపర్ అయితే మార్గరెట్ బ్రౌన్ పేరు రాసింది. టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డావిడ. సినిమా చూసినవాళ్లకి గుర్తుంటుంది, జాక్‌కి డిన్నర్‌కి కోటు ఇస్తుంది కదా, ఆవిడే. ఎవరు కనిపెట్టినా, చెడ్డ మందుని తేనె కప్పేయగలదు అన్న మాట మాత్రం నిజం. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ముందు తేనె సిరప్

తేనెలో సుమారు 17, 18 శాతమే నీళ్లు. మిగతాది దాదాపు అంతా ఫ్రక్టోజ్, గ్లూకోజ్ అనే చక్కెరలు. అందుకే అంత చిక్కగా ఉంటుంది. చల్లబడితే ఇంకా బిగుస్తుంది. ఐసు మీద పోస్తే కరగదు, అతుక్కుపోతుంది. ఎంత తిప్పినా లాభం లేదు.

కాబట్టి తేనెని ముందే పల్చన చేసుకోవాలి. కొలత ఒకటికి ఒకటి. పావు కప్పు తేనె, పావు కప్పు వేడినీళ్లు. నీళ్లు మరగక్కర్లేదు, టీ తాగే వేడి ఉంటే చాలు. తేనెని స్టవ్ మీద పెట్టి మరిగించొద్దు, ఉన్న కాస్త పువ్వుల వాసనా ఎగిరిపోతుంది. కలిపి, చల్లారాక, శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక్కడ ఒక డౌటు రావాలి. తేనె ఏళ్ల తరబడి పాడవ్వదు కదా, మరి సిరప్‌కి ఫ్రిజ్ ఎందుకు? తేనెలో నీళ్లు అంత తక్కువ కాబట్టే ఈస్ట్, బ్యాక్టీరియా అందులో పెరగలేవు. మనం నీళ్లు పోశామంటే వాటికి తలుపు తీసినట్టే. బయట ఉంచితే పులుస్తుంది. ఫ్రిజ్‌లో అయినా వారం, పది రోజుల్లో వాడేయండి. నురగ వచ్చినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయండి.

ఇంకో చిన్న మాట. ఇంట్లో ఏడాది లోపు బుజ్జిగాళ్లు ఉంటే తేనె గానీ ఈ సిరప్ గానీ నాకించకండి. పెద్దవాళ్లు ముద్దుకి నాకిస్తారు, కానీ తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఆ వయసులో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెప్పించగలవు.

ఇప్పుడు డ్రింక్

బార్ కొలత ఇది: జిన్ను 60 ఎంఎల్, నిమ్మరసం 20, తేనె సిరప్ 20. అంటే 3కి 1, 1. నా సలహా మాత్రం 45, 15, 15. రేషియో అదే, టేస్ట్ అదే, మందు తక్కువ.

కొలవడానికి స్పెషల్ సామాను అక్కర్లేదు. దగ్గు మందు సీసా మూత మీద వచ్చే చిన్న కప్పుకి 5, 10 ఎంఎల్ గీతలు ఉంటాయి. శుభ్రంగా కడిగి వాడుకోండి. "అందాజాగా పోసేద్దాం" అని మాత్రం అనకండి. కంటి అందాజా ఎప్పుడూ ఎక్కువ వైపే పోతుంది.

షేకర్ లేకపోతే జిమ్‌కి తీసుకెళ్లే ప్రొటీన్ షేకర్ గానీ, గట్టి మూత ఉన్న స్టీలు బాటిల్ గానీ చాలు. గాజు సీసా వద్దు. లోపల ఐసు తగిలి పగిలిందంటే చేతికి కుట్లు పడతాయి.

ఆర్డర్ ఇలా:

1. నిమ్మకాయ అప్పటికప్పుడు పిండండి. మీడియం సైజు కాయకి 10 నుంచి 15 ఎంఎల్ వస్తుంది. గింజలు వడకట్టండి.
2. షేకర్‌లో ముందు నిమ్మరసం, సిరప్, తర్వాత జిన్ను పోయండి. ఒకసారి కలిపి అర స్పూను రుచి చూడండి. ఈ స్టేజ్‌లో కొంచెం తీపి ఎక్కువ అనిపించాలి, ఎందుకంటే ఐసు కరిగాక తగ్గుతుంది.
3. ఐసు చివర్లో వేయండి. షేకర్‌లో సగం పైన నిండాలి. రెండు ముక్కలు వేస్తే అవి వెంటనే కరిగిపోయి డ్రింక్ నీళ్లవుతుంది. ఎక్కువ ఐసు వేస్తే తొందరగా చల్లబడుతుంది, తక్కువ కరుగుతుంది.
4. మూత బిగించి 12 నుంచి 15 సెకన్లు గట్టిగా ఊపండి. స్టీలు బాటిల్ అయితే బయట మంచు పట్టి చెయ్యి జివ్వుమంటుంది, అదే సిగ్నల్.
5. టీ వడపోతతో చల్లటి గ్లాసులోకి వడకట్టండి. పైన సన్నటి నురగ తేలితే బాగా ఊపినట్టే.

ఐసు కరగడం తప్పు అనుకోకండి. ఆ నీళ్లు ఈ డ్రింక్‌లో నాలుగో ఐటమ్ అన్నమాట. అవి లేకపోతే గొంతు మండుతుంది.

విదేశాల్లో రెసిపీలన్నీ పసుపుపచ్చ లెమన్‌తో రాస్తారు. మన చిన్న నిమ్మకాయది ఇంకాస్త ఘాటైన పులుపు. పళ్లు జివ్వుమంటే సిరప్ పెంచకండి, నిమ్మరసం మూడు, నాలుగు ఎంఎల్ తగ్గించండి. ఇంకో ఐడియా, మన పెరట్లో దబ్బకాయ ఉంటుంది కదా, పులిహోరకి వాడేది. నిమ్మరసంలో సగం తీసేసి దబ్బకాయ రసం వేసి చూడండి. ఆ తొక్క వాసన జిన్నుకి భలే కుదురుతుంది. జిన్నుకి వాసన ఇచ్చేది జూనిపర్ అనే కాయ. దానితోపాటు ధనియాలు, నిమ్మజాతి తొక్కలు కూడా వేస్తారు. అందుకే మన వంటింటి వాసనలతో అది గొడవ పడదు.

తేనె దాచేది 1: అది అసలు తేనేనా?

సరే, చేయడం వచ్చింది. ఇప్పుడు ఈ మూడిటిలో మనం గుడ్డిగా నమ్మేది తేనెని.

2020 డిసెంబర్‌లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె టెస్ట్ చేయిస్తే, జర్మనీ ల్యాబ్‌లో చేసిన ఎన్‌ఎంఆర్ పరీక్షలో 10 ఫెయిలయ్యాయి. కంపెనీలు ఆ ఫలితాల్ని ఒప్పుకోలేదు, పెద్ద గొడవే అయింది. అందులో మనం నేర్చుకోవాల్సిన టెక్నికల్ పాయింట్ ఒకటుంది. చెరుకు, మొక్కజొన్న చక్కెర కలిపితే పాత టెస్టుల్లో దొరికిపోతుంది. వరి బియ్యంతో చేసిన సిరప్ అయితే దొరకదు. ఎందుకంటే చెరుకు, మొక్కజొన్న ఎండని వాడుకునే పద్ధతి వేరు, వరిది వేరు. తేనెటీగలు వాలే పూలమొక్కలు కూడా ఎక్కువగా వరి టైపే. టెస్ట్‌ని పాస్ చేయించడానికే కోడ్ రాసినట్టు, టెస్ట్‌కి తగ్గట్టు సిరప్ తయారు చేస్తారు.

ల్యాబులకే ఇంత కష్టమైతే, వాట్సాప్ టెస్టులు ఎలా పనిచేస్తాయి చెప్పండి? గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే అడుగుకి దిగితే అసలుది అంటారు. చిక్కటి పంచదార పాకం కూడా అలాగే దిగుతుంది. అగ్గిపుల్ల తేనెలో ముంచి వెలిగిస్తే అంటుకోవాలంటారు. అది చెప్పేది తడి ఎంతుందో, కల్తీ ఉందో లేదో కాదు. గడ్డకడితే కల్తీ అంటారు, ఇది మరీ రివర్స్. గ్లూకోజ్ ఎక్కువున్న అసలు తేనె గడ్డకట్టడం సహజం. సీసాని గోరువెచ్చని నీళ్లలో పెడితే మళ్లీ కరుగుతుంది. పాపం చాలామంది మంచి తేనె పారేసి, ఎప్పటికీ గడ్డకట్టని పాకం దాచుకుంటున్నారు.

మరేం చేయాలి? ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన తేనె కొనండి. మన రాష్ట్రంలో గిరిజన సహకార సంస్థ ఉంది, 1956 నుంచి ఏజెన్సీ గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది, తేనె కూడా అమ్ముతుంది. లేదంటే పెట్టెలు పెట్టి తేనెటీగలు పెంచే రైతు మీకు తెలిస్తే ఇంకా బెస్ట్. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ చూడండి. రోడ్డు పక్కన బకెట్లో తేనెతుట్టె ముక్క పైన పెట్టి అమ్మితే, ఆ తుట్టె పైది మాత్రమే మనకి కనపడుతోందని గుర్తుంచుకోండి.

తేనె దాచేది 2: అది అసలు జిన్నేనా?

ఇది సీరియస్. తేనె కల్తీ అయితే డబ్బులు పోతాయి. మందు కల్తీ అయితే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది.

నిషేధం అనేది మనకీ కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ టైంలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఆ ఉద్యమం ఊరికే రాలేదండి, ఇళ్లు గుల్లయితే వచ్చింది.

కోనసీమ వాళ్లకి ఇంకో ప్రత్యేకత ఉంది: యానాం. గౌతమి గోదావరి మీద ఎదుర్లంక బ్రిడ్జి దాటితే అవతల పుదుచ్చేరి. అక్కడ పన్ను వేరు, రేటు తక్కువ. "ఒక బాటిల్ తెచ్చేయ్ రా" అనడం మన దగ్గర మామూలు మాట. కానీ ఏపీ పన్ను కట్టని మందు ఇటు తేవడం నేరం. చెక్‌పోస్టులో దొరికితే మందుతోపాటు బండి కూడా పోతుంది, కేసు రికార్డులో ఉంటుంది. రేపు వీసాకో ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ అంటే ఆ రెండు వందల ఆదా ఎంత ఖరీదైందో అప్పుడు తెలుస్తుంది. ఇంకా ముఖ్యం, "యానాం సరుకు" అని చెప్పి ఎవరో చేతికిచ్చిన బాటిల్ నిజంగా యానాం షాపుదో, ఎక్కడో షెడ్డులో నింపిందో మీకు తెలీదు.

షెడ్డు అని ఊరికే అనలేదు. 2025 అక్టోబర్‌లో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారుచేస్తున్న యూనిట్ బయటపడింది. ఆ తర్వాతే ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష అనే యాప్ తెచ్చింది. బాటిల్ మూత మీద అతికించిన లేబుల్‌పై క్యూఆర్ కోడ్ ఉంటుంది. యాప్‌తో స్కాన్ చేస్తే ఆ బాటిల్ వివరాలు వస్తాయి. చేతిలో ఫోను ఉంది, పది సెకన్ల పని. డబ్బులిచ్చే ముందు, మూత తీసే ముందు స్కాన్ చేయండి. వివరాలు రాకపోయినా, లేబుల్ చిరిగి ఉన్నా తీసుకోకండి.

కల్తీలో భయపడాల్సింది మిథనాల్. ఇది ఫ్యాక్టరీల్లో వాడే ఆల్కహాల్. వాసన, రుచి మామూలు మందులాగే ఉంటాయి, నాలుక కనిపెట్టలేదు. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. తేనె, నిమ్మరసం దాన్ని విరగ్గొట్టవు, కనీసం అనుమానం కూడా రానివ్వవు. ఆ రాత్రి అంతా బానే ఉన్నట్టుంటుంది. లక్షణాలు 12 నుంచి 24 గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. చూపు మసకబారడం, కళ్లముందు తెల్లగా మంచు పట్టినట్టుండటం, కడుపునొప్పి, ఆయాసం. వీటిలో ఏది వచ్చినా "హ్యాంగోవర్‌లే, మజ్జిగ తాగి పడుకో" అనొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, డాక్టర్‌కి ఏం తాగారో సిగ్గుపడకుండా చెప్పండి, బాటిల్ కూడా పట్టుకెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది. గంటలు లేటయ్యేకొద్దీ చూపు దక్కే ఛాన్స్ తగ్గిపోతుంది.

ఇంట్లోనే జిన్ను కాచేద్దాం అని వీడియోలు చూసే బ్యాచ్‌కి ఒకటే మాట. లైసెన్స్ లేకుండా మందు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. మనం చేసేది కలపడం వరకే.

తేనె దాచేది 3: ఎంత తాగాం?

లెక్క చేద్దాం. మన దగ్గర అమ్మే జిన్నులో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. 60 ఎంఎల్‌లో అసలు ఆల్కహాల్ 25.7 ఎంఎల్, అంటే సుమారు 20 గ్రాములు. 330 ఎంఎల్, 5 శాతం బీరులో ఉండేది 13 గ్రాములు. అంటే చిన్న గ్లాసులో ఉన్న ఈ తియ్యటి డ్రింక్ ఒకటిన్నర బీరుతో సమానం. కానీ బీరు తాగడానికి అరగంట పడుతుంది. ఇది నిమ్మరసంలా ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. గంటలో మూడు తాగితే నాలుగున్నర బీర్లు అన్నమాట, మీకు మాత్రం మూడు షర్బత్‌లు తాగిన ఫీలింగే ఉంటుంది.

లివర్ గంటకి ఉజ్జాయింపుగా 7 నుంచి 10 గ్రాములే క్లియర్ చేయగలదు. దానికి ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ లేదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, పెరుగు, ఇవేవీ స్పీడు పెంచవు. ఒక్క 60 డ్రింక్ పూర్తిగా దిగడానికి రెండు, మూడు గంటలు పడుతుంది. అందుకే నేను 45 అన్నది. అందులో 15 గ్రాములే ఉంటుంది. పక్కన పెద్ద గ్లాసు నీళ్లు పెట్టుకోండి, ఖాళీ కడుపుతో తాగకండి. రెండోది కావాలంటే గంట చూసుకోండి.

"తేనె కదా, హెల్తీయే" అనేవాళ్లకి: 60 డ్రింక్‌లో ఆల్కహాల్ నుంచే 140 క్యాలరీలు. తేనె నుంచి వచ్చేవి 40 పైచిలుకు. తేనె చేరినంత మాత్రాన మందు మందే, ఆరోగ్యం అవ్వదు. మందులు వాడుతున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇక బండి. చట్టం ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్. మొదటిసారి దొరికితే 10 వేల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చాలామందికి ఒక్క డ్రింకే ఆ గీత దాటించేస్తుంది. మన రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోట, మధ్యలో లైటు లేని మలుపు. రాత్రి బండి కాలవలోకి పోతే తెల్లారేదాకా చూసేవాడుండడు. తాగినవాడి దగ్గర తాళం తీసుకుని, చాప వేసి పడుకోబెట్టండి. వాడు తిట్టినా పర్లేదు, పొద్దున్న మరిచిపోతాడు.

మందు లేని వెర్షన్

21 లోపు వాళ్లకి, డ్రైవ్ చేసేవాళ్లకి, అసలు తాగనివాళ్లకి ఇది. లేత కొబ్బరినీళ్లు 100 ఎంఎల్, నిమ్మరసం 15, తేనె సిరప్ 20, చిటికెడు ఉప్పు. నాలుగు ధనియాలు, చిన్న అల్లం ముక్క దంచి అందులో వేయండి. జిన్నులో ఉండే ఆ మసాలా వాసన కొంత ఇక్కడ వస్తుంది. ఐసుతో అదే 15 సెకన్లు ఊపి, వడకట్టి, అదే గ్లాసులో ఇవ్వండి. పార్టీలో తాగని ఫ్రెండ్‌కి ప్లాస్టిక్ గ్లాసులో కూల్‌డ్రింక్ పోసి పక్కన కూర్చోబెడతారు చూడండి, అది మానేద్దాం. చేతిలో మంచి డ్రింక్ ఉంటే "ఒక్కటి కొట్టరా" అని బలవంతం చేసేవాడు కూడా తగ్గుతాడు.

మొత్తం ఒక్కసారి చెప్పేస్తాను. తేనెని ముందు సిరప్ చేయండి. 3కి 1, 1 కొలిచి పోయండి. తేనె ఎక్కడిదో తెలుసుకోండి, బాటిల్ స్కాన్ చేయండి, గంటలు లెక్కపెట్టండి, బండి తాళం పక్కన పెట్టేయండి. ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండి. పండక్కి ఇంటికొచ్చే మీ గ్యాంగ్‌కి ఇది ముందే పంపించండి, బాటిల్ తెచ్చాక కాదు. ఉంటానండి, ఆయ్!